ఖాళీ ప్లేటు

సోమవారం ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ప్లేట్లక్క కంటికి మొదట ఆనింది ఖాళీ ప్లేటే. అందులో మూడు చుక్కలున్నాయి.

ఉండకూడదు. ఏమీ ఉండకూడదు కాబట్టే దాన్ని ఖాళీ ప్లేటు అంటారు.

ఆ ల్యాబ్‌లో పని ఇలా సాగుతుంది. అరచేతిలో పట్టే గుండ్రటి ప్లేటు, అందులో గట్టిపడ్డ జావ లాంటి మేత. అనుమానం ఉన్న నీళ్ళో, పాలో, కూరో ఒక్క చుక్క ఆ మేత మీద రాసి, మూత పెట్టి, ఒంటి వేడి ఉండే పెట్టెలో రెండు రోజులు వదిలేస్తారు. బాక్టీరియా కంటికి కనిపించదు. అది చేసే పనులు రెండే: తినడం, రెండుగా చీలడం. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఇరవై నిమిషాలకోసారి. దానికి పగా లేదు, జాలీ లేదు, ఆదివారం సెలవూ లేదు. ఎక్కడ ఒక్కటి పడిందో అక్కడ రెండు రోజులు తిరిగేసరికి కోట్లు పోగై, ఆవగింజంత చుక్కగా బయటపడతాయి.

ఏ నమూనా పరీక్షించినా పక్కన ఒక ప్లేటు ఉత్తదే పెడతారు. మిగతావాటితోపాటే దాని మూతా తీస్తారు, పెడతారు, అదే పెట్టెలో ఉంచుతారు. అది శుభ్రంగా ఉంటే, మిగతావాటిలో మొలిచింది నమూనాలోంచి వచ్చినట్టు. దాంట్లో కూడా మొలిచిందంటే తప్పు నమూనాది కాదు, పరీక్ష చేసిన చేతిది. బ్యాచ్ మొత్తం పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే ఈ మాట చెప్పేది ప్లేట్లక్కే. ఇరవై ఆరేళ్ళుగా ఆ ల్యాబ్‌కి ప్లేట్లు పోసేది ఆవిడే కనక, అసలు పేరు ఆవిడ మొగుడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఖాళీ ప్లేటు పక్కన ఇంకో నాలుగున్నాయి. సూపు, కోడిమాంసం, పెరుగు, కూరగాయ ముక్కలు. జాతీయ ఫుట్‌బాల్ జట్టు శిబిరం వంటగదిలోంచి వచ్చిన నమూనాలవి. నాలుగింటిలోనూ చుక్కలే. బంగారు రంగులో, నున్నగా, మెరుస్తూ; మైక్రోస్కోపులో గుత్తులుగా కనిపించే రకం. ఖాళీ ప్లేటులో ఉన్నవీ అవే.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ల్యాబ్ ఆఫీసరమ్మ. ప్లేట్లక్క కన్నా పన్నెండేళ్ళు చిన్నది, పని నేర్చుకుంది ఆవిడ దగ్గరే. నలుగురి ముందూ ఏకవచనం వాడదు గాని, ఒంటరిగా ఉన్నప్పుడు అక్కే.

"అక్కా, మంత్రిగారి ఆఫీసు నుంచి ఇది మూడో ఫోను. ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు."

ప్లేట్లక్క అరచెయ్యి తనంతట తనే ఖాళీ ప్లేటు మీదికి జరిగింది.

"ఉంది. గుత్తుల రకం. నాలుగింటిలోనూ."

"గుత్తులంటే మనిషి చేతిలోంచేగా?"

"చేతిలోంచో, ముక్కులోంచో."

"అయితే వంటాయనే." ఆఫీసరమ్మ ఫోను తీస్తూ, అలవాటు కొద్దీ అడిగింది. "ఖాళీది శుభ్రమేగా?"

మళ్ళీ చేయాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే శనివారం మధ్యాహ్నం సంగతి చెప్పాలి.

"శుభ్రమే," అంది ప్లేట్లక్క.

ఆఫీసరమ్మ ఫోనులో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. అక్క చెప్పిందంటే వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు ఆ ల్యాబ్‌లో. ప్లేట్లక్క ఖాళీ ప్లేటుని ఎర్ర సంచిలో పడేసి, సంచి మూతి బిగించి, ఆవిరి యంత్రంలోకి తోసింది. పావుగంటలో ఆ మూడు చుక్కలూ చచ్చాయి. రిజిస్టరులో 'ఖాళీ ప్లేటు: శుభ్రం' అని రాసి సంతకం పెట్టింది.

*

శనివారం సంగతి ఇది.

ఆ దేశంలో వాలీబాల్ బాగా ఆడతారు, ఎవరూ చూడరు. ఈతలో పతకాలొస్తాయి, పొద్దున పేపర్లో బొమ్మ పడి సాయంత్రానికి పొట్లం కాగితమైపోతుంది. ఫుట్‌బాల్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఏమీ రాలేదు. అయినా తాత దగ్గర్నుంచి మనవడి దాకా ఫుట్‌బాల్ ఊసెత్తకుండా అన్నం తినరు. అలాంటిది ఈ ఏడాది జట్టు సెమీఫైనల్‌కి వచ్చింది. మ్యాచ్ శనివారం మధ్యాహ్నం మూడింటికి. ఉదయం ఆరింటికి శిబిరంలో ఐదుగురు ఆటగాళ్ళు వాంతులతో పడిపోయారు.

విషం పెట్టారన్నారు. అవతలి దేశం పనన్నారు. వంటగదికి తాళమేసి, నమూనాలు సీలు చేసి, పోలీసు జీపులో ల్యాబ్‌కి పంపారు. సూపు మాత్రం వంటాయన స్టీలు డబ్బాతో సహా వచ్చింది. తెచ్చిన సీసాలు చాలలేదట.

ల్యాబ్‌లో ఉన్నది ప్లేట్లక్క ఒక్కతే. మిగతావాళ్ళంతా మ్యాచ్ కోసం సెలవు పెట్టారు. నిజానికి ఆ రోజు ఆవిడ కూడా బల్ల దగ్గర కూర్చోకూడదు. కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచి, పచ్చగా చీము పట్టి ఉంది. చేతికి పుండున్నవాళ్ళు నమూనాలు ముట్టకూడదన్నది రూలు, ఆ కాగితం గోడకి అంటించింది కూడా ఆవిడే. కాని ఎవరున్నారు? బ్యాండేజీ చుట్టింది. దాని మీద రబ్బరు తొడుగేసుకుంది. చాల్లే అనుకుంది.

ఫోనుని టెస్ట్‌ట్యూబుల స్టాండుకి ఆనించి, శబ్దం తగ్గించి మ్యాచ్ పెట్టుకుంది. స్కూలు రోజుల్లో గోల్‌కీపరు ఆవిడ. ఆ రోజు జట్టులో ఉన్నది సగం మంది కొత్త పిల్లలు. అయినా గోలు పడనివ్వలేదు. ఆట పెనాల్టీల దాకా వెళ్ళింది. ఆఖరి పెనాల్టీ. మనవాడు బంతి దగ్గరికి పరిగెత్తాడు. ఫోనులో బొమ్మ ఆగిపోయింది.

ఫోను తెరకి రబ్బరు తొడుగుల స్పర్శ తెలియదు. ప్లేట్లక్క కుడిచేతి తొడుగు లాగింది. తొడుగుతోపాటు బ్యాండేజీ కూడా ఊడొచ్చింది. ఆవిడ చూసుకోలేదు. బొటనవేలితో తెర మీద రెండుసార్లు గీసింది. బొమ్మ కదిలింది. బంతి వలలో ఉంది.

బయట వీధంతా ఒక్కసారి పైకి లేచినట్టయింది. ప్లేట్లక్క గాజు కడ్డీ పట్టుకునే ఒక్క గంతేసి, నవ్వుకుంటూ, తడి కళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ, మిగిలిన పని అదే చేత్తో పూర్తిచేసింది. నాలుగు ప్లేట్ల మూతలూ తీసి కడ్డీతో నమూనాలు రాసింది. ఆఖర్న ఖాళీ ప్లేటు మూత ఎత్తి, దించింది. అన్నీ పెట్టెలో పెట్టాక గాని, బల్ల కింద పడి ఉన్న బ్యాండేజీ కనిపించలేదు.

అప్పుడే అన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. డబ్బాలో సూపు ఇంకా ఉంది, ప్లేట్లూ ఉన్నాయి, టైమూ ఉంది. వీధిలో జనం పాడుతున్నారు, మొగుడు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆవిడ లైటు ఆర్పి ఇంటికి వెళ్ళిపోయింది.

*

సోమవారం సాయంత్రానికి వంటాయన ఉద్యోగం ఊడింది. టీవీలో ఆఫీసరమ్మ చెప్పింది, విషం కాదు, శుభ్రత లేకపోవడం అని. ఆ ముక్కతో దేశానికి ప్రాణం కుదుటపడింది. విషమైతే శత్రువుని వెతకాలి. మురికి చెయ్యయితే ఒక ముసలి వంటాయన చాలు.

ప్లేట్లక్క ఇంట్లో వేరే కథ. మొగుడు మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"ఏమోయ్, రెండు రోజులుగా నోరు మెదపలేదు నాతో. నాకన్నా చెప్పకూడదా?"

"ఆఫీసు సంగతులు చెప్పకూడదండీ."

"ఇప్పుడు దేశానికంతా తెలిసిందిగా. కింద వీధిలో చెప్పేశా. పట్టుకుంది మా ఆవిడేనని."

"ఎందుకు చెప్పారు?"

"ఎందుకేంటి? ముప్ఫై ఏళ్ళు కాపురం చేశా. గొప్ప చెప్పుకోవడానికి ఒక్క రోజు దొరికింది."

మంగళవారం పొద్దున బస్సులో కండక్టరు టికెట్ కొట్టకుండా చెయ్యెత్తి దండం పెట్టాడు. పక్క సీటావిడ లేచి చోటిచ్చింది. ఎదురింటి రిటైరు మేష్టారు బస్టాపులో ఆపి మరీ చెప్పాడు: "ఫైనల్‌కి ఐదుగురూ లేస్తారమ్మా. నీ చలవే." ఎవరు మెచ్చుకున్నా ప్లేట్లక్క కుడిచెయ్యి చీర కొంగులోకి దూరుతోంది. ఎందుకు దూరుతోందో ఆవిడకి తెలుసు. బస్సు నిండా మనుషులుండగా తెలియనట్టు నటించక తప్పలేదు.

టీ గదిలో టీవీ నడుస్తోంది. వంటాయన ఇంటి ముందు జనం. ఎవరో కుళ్ళిన టమాటా విసిరారు. ఆయన దాన్ని చొక్కా మీంచి తుడుచుకోలేదు. కెమెరాకి రెండు అరచేతులూ చాచి, తిప్పి చూపించాడు.

"చూడండయ్యా. గాటుందా? పుండుందా? ఒక్క గీతైనా ఉందా? నలభై ఏళ్ళు ఈ చేతుల్తోనే వండాను."

"ఎంత నాటకమో," అన్నాడు రెండో షిఫ్టు టెక్నీషియన్, బిస్కెట్ ముంచుకుంటూ. "ముక్కులో పెట్టుకుని ఉంటాడు వేలు. మన అక్క దగ్గరా ఆటలు?"

అందరూ నవ్వారు. ప్లేట్లక్క టీ గ్లాసు కింద పెట్టి, తన బొటనవేలు చూసుకుంది. కొత్త బ్యాండేజీ. కింద సలుపుతూనే ఉంది.

ప్రతి నమూనాలో సగం వారం రోజులు ఫ్రిజ్‌లో దాచాలి. వంటాయన స్టీలు డబ్బా అడుగు అరలో ఉంది, మూత మీద సీలు మైనంతో. ప్లేట్లక్క లోపలికి వెళ్ళి, తలుపు గడియ పెట్టి, ఈసారి రెండు జతల తొడుగులేసుకుంది. సూపు ఒక ప్లేటు మీద. ఖాళీది ఒకటి. మూడో ప్లేటు కోసం ఆఖర్న తొడుగులూ బ్యాండేజీ విప్పి, దూది పుల్లతో గోరుచుట్టు మీద రాసి, ఆ పుల్లతో ప్లేటు మీద గీసింది. మూడింటికీ తనకి మాత్రమే తెలిసే గుర్తులేసి పెట్టె వెనక మూల దాచింది.

ఆ తరవాత రెండు రోజులూ ఆవిడ ఒకటే కోరుకుంది. సూపు ప్లేటులో మొలవాలని. ఆయన వంట కుళ్ళినదే కావాలని, ఆయన చెయ్యి మురికిదే కావాలని. బుధవారం బస్సులో ఆ కోరిక బయటికే వచ్చింది కాబోలు, పక్కనున్న ముసలావిడ "ఎవరికమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. పరాయివాడి పాపం కోసం మొక్కుకుంటున్నానని ఎలా చెబుతుంది?

*

గురువారం పొద్దున సూపు ప్లేటు అద్దంలా ఉంది. ఖాళీదీ అంతే. మూడో ప్లేటు మాత్రం అంచు నుంచి అంచు దాకా బంగారం పూసినట్టుంది.

తిన్నగా ఆఫీసరమ్మ గదికి వెళ్ళాలి. ఇరవై అడుగుల దూరం. ప్లేట్లక్క దాన్ని దాటి మెట్లు దిగి, బస్సెక్కి వంటాయన ఇంటికి వెళ్ళింది. ఎందుకని అడిగితే సరైన జవాబు ఆవిడ దగ్గర లేదు. ఆయన్ని చూస్తే ధైర్యమొస్తుందనుకుందేమో. ఇంకో గంట దొరుకుతుందనుకుందేమో.

మూడో అంతస్తు. తలుపు మీద ఎవరో నల్లరంగుతో రాసిన మాటని వంటాయన అట్లకాడతో గీకుతున్నాడు. సగం పోయింది, మిగతా సగం చదవడానికి చాలు.

"టీవీ వాళ్ళా?" అన్నాడు తిరక్కుండానే.

"కాదన్నయ్యగారూ. ల్యాబ్ నుంచి."

ఆయన అట్లకాడ దించి నిటారుగా నిలబడ్డాడు, ఇన్‌స్పెక్షన్‌కి నిలబడ్డట్టు. "రండమ్మా. చూసుకోండి. అన్నీ తీసే ఉంచాను."

వంటగదిలో గిన్నెలన్నీ బోర్లించి, వరసలో ఉన్నాయి. బ్లీచింగు వాసన కళ్ళు మండిస్తోంది. ఆయన చేతులు చూసి ప్లేట్లక్క గుమ్మంలోనే ఆగిపోయింది. మంగళవారం టీవీలో నున్నగా ఉన్న చేతులు. ఇప్పుడు కణుపుల దగ్గర పగిలి, ఎర్రగా తేలాయి.

"చేతులకేమైందండీ?"

"కడుగుతున్నానమ్మా. గంటకోసారి." ఆయన సిగ్గుపడుతూ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మొదట నేను కాదనే అరిచాను. తరవాత ఆలోచిస్తే, ల్యాబ్‌కి నా మీద పగేముంది? నాలుగు ప్లేట్లలో ఉందన్నారు. అంటే ఉన్నట్టే. కంటికి కనపడనిది కదా, నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? పసివాళ్ళకి పెట్టినట్టు పెట్టాను ఆ పిల్లలకి. బాబాయ్, బాబాయ్ అనేవాళ్ళు. వాళ్ళ కడుపులో నా మురికి పోశానంటే..." కొళాయి తిప్పి, మళ్ళీ ఆపేశాడు.

ప్లేట్లక్క నోరు తెరిచింది.

"ఒక్క ముక్క అడగనా అమ్మా, తెలిసినవారు గనక," అన్నాడాయన. "ఆ సూపు ఇరవై ముగ్గురు తాగారు. నేనూ తాగాను. ఐదుగురికే ఎందుకొచ్చింది?"

ఈ ప్రశ్న ల్యాబ్‌లో ఎవరూ అడగలేదు. జవాబు చేతిలో ఉన్నాక ప్రశ్నతో పనేముంది?

"ఏ ఐదుగురు?" అంది ప్లేట్లక్క నెమ్మదిగా.

"సీసా బ్యాచ్."

"సీసా ఏంటి?"

"కెప్టెన్ది. మొదటి మ్యాచ్ ముందు రాత్రి పాలలో బలం పొడి కలుపుకుని ఐదుగురూ ఆ సీసాలోంచే తాగారు. గెలిచారు. ఇక అదే మంత్రం. ప్రతి మ్యాచ్ ముందు రాత్రీ ఆ ఐదుగురే, ఆ సీసాలోంచే, ఒకడి ఎంగిలి ఒకడు. కడగడానికి మాత్రం వీల్లేదు. కడిగితే అదృష్టం పోతుందట. ఆరు మ్యాచ్‌లయ్యాయి. మూత తీస్తే చచ్చిన ఎలకలా వాసన. రెండుసార్లు దొంగతనంగా తీసి కడగబోయాను, లాక్కున్నారు. 'కప్పు తెచ్చాక నువ్వే కడుగుదువుగానిలే బాబాయ్' అన్నారు."

"ఈ సంగతి విచారణలో చెప్పలేదా?"

"చెప్పబోయానమ్మా. ల్యాబ్ రిపోర్టు వచ్చేశాక ఈ నంగనాచి కబుర్లేంటన్నారు."

"సీసా ఇప్పుడెక్కడుంది?"

"వాళ్ళ దగ్గరే. రేపట్నుంచి ఐదుగురూ మళ్ళీ దిగుతున్నారుగా."

ప్లేట్లక్క మనసులో లెక్క వేసింది. వెతికే దారి మూసింది తనే. తన అబద్ధం ఆ సీసాకి కాపలా కాస్తోంది.

చెప్పాల్సిన చోటు అదే, చెప్పాల్సిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఆవిడ "మళ్ళీ వస్తానన్నయ్యగారూ" అని వెనక్కి తిరిగింది. ఆయన మెట్ల దాకా వచ్చాడు.

"నా సూపు డబ్బా మీ దగ్గరుండిపోయింది. మా ఆవిడ ఉన్నప్పటిది. పనైపోతే ఇప్పించండమ్మా."

*

ఆఫీసరమ్మ బల్ల మీద ప్లేట్లక్క మూడు ప్లేట్లు వరసగా పెట్టింది.

"ఏంటక్కా ఇవి?"

"ఇది ఆయన సూపు. ఇది ఖాళీది." వేలు మూడో దాని మీద ఆగింది. "ఇది నా బొటనవేలు."

ఆఫీసరమ్మ చదువుకున్న మనిషి. వివరించాల్సిన అవసరం రాలేదు. అయినా ప్లేట్లక్క అంతా చెప్పింది. ఫోను, తొడుగు, ఊడిన బ్యాండేజీ, ఎర్ర సంచి. ఎక్కడా 'పొరపాటున' అన్న మాట వాడలేదు. మొదటి రోజు పొరపాటే. సోమవారంది కాదు.

ఆఫీసరమ్మ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

"సోమవారం నిన్నడిగాను. ఖాళీది శుభ్రమేనా అని. అడిగానా, లేదా?"

"అడిగారు మేడమ్."

"ఆ ప్రశ్న అడగడం నాకు నేర్పింది నువ్వే."

దీనికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

"సరే," అంది ఆఫీసరమ్మ, గొంతు తగ్గించి. "ఎల్లుండి ఫైనల్. అది కానీ. ఆదివారం 'పునఃపరిశీలనలో తేలింది' అని ఒక కాగితం ఇద్దాం. నీ పేరక్కర్లేదు, నా పేరూ అక్కర్లేదు. ఆయన్నీ వెనక్కి తీసుకుంటారు."

క్షణం పాటు ఆ మాట ఎంత మెత్తగా తగిలిందో ప్లేట్లక్క తరవాత ఎన్నాళ్ళో మరిచిపోలేకపోయింది. ఒప్పుకోవాలనిపించింది. నిజంగా అనిపించింది.

"రేపు ఆ ఐదుగురూ సీసా ఎత్తుతారు మేడమ్," అంది, సీసా సంగతంతా చెప్పి. "దాన్ని మనం తెప్పిస్తే ఎందుకని అడుగుతారు. వంటగదిలో ఏమీ లేదని చెప్పాలి. లేదని ఎలా తెలిసిందంటారు." కొంగు ముడి విప్పి మడిచిన కాగితం తీసింది. బస్సులో రాసింది, అక్షరాలు గతుకులు పడ్డాయి. "సంతకం పెట్టాను."

ఆఫీసరమ్మ ఆ కాగితం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. ఫోను తీసుకుంది.

శుక్రవారం పదింటికి సీసా వచ్చింది. కెప్టెన్ ఇవ్వనని ఏడ్చినంత పని చేశాడట. ప్లేట్లక్కని బల్ల దగ్గరికి రానివ్వలేదు. గాజు తలుపు ఇవతల నిలబడి చూసింది. రెండో షిఫ్టు టెక్నీషియన్ మూత తిప్పగానే తల పక్కకి తిప్పుకున్నాడు. సీసా అడుగున వేలు మందాన జిగురు. దాంట్లోంచి కొద్దిగా గాజు పలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. పెట్టినవాడు తీయలేదు.

"గుత్తులు కాదు," అన్నాడు చివరికి. "కడ్డీలు. జాతరలా ఉన్నాయి."

కడ్డీల్లా కనిపించే ఆ బాక్టీరియాకి ఒక గుణముంది. పరిస్థితి బాగోకపోతే తన చుట్టూ తనే గట్టి పెంకు కట్టుకుని పడుంటుంది. వేడికి చావదు, ఎండకి చావదు. మళ్ళీ తడి, తిండి దొరికే దాకా కదలదు, మెదలదు. పాల తడి దొరికితే పెంకు విప్పుకుని పని మొదలుపెడుతుంది. ఇది కొత్తవాళ్ళకి ప్లేట్లక్క రెండో రోజు చెప్పే పాఠం. ఆ పిల్లాడికీ ఆవిడే చెప్పింది. అతను గాజు తలుపు వైపు చూడలేదు.

*

శనివారం ఐదుగురూ ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుని ఆడారు. జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. మ్యాచ్ అవగానే ఎవడో ఒక ముక్క వదిలాడు, రెండు గంటల్లో అది దేశమంతా తిరిగింది: సీసా కడిగారు, కప్పు కొట్టుకుపోయింది. సీసా మీద మొదట నోరు విప్పింది వంటాయనే అని ఎలాగో బయటికి పొక్కింది. ఆయన తలుపు మీద ఇంకో మాట రాశారు. ఆయన తప్పేమీ లేదన్న వార్త పేపరు లోపలి పేజీలో, వాలీబాల్ స్కోరు కింద పడింది. ల్యాబ్ ఉద్యోగిని నిర్లక్ష్యం వల్ల, అని ఉంది అందులో.

మొగుడు ఆ పేపరు మడిచి కుర్చీ కింద పెట్టాడు.

"వీధిలో ఏమని చెప్పను?"

"జరిగింది చెప్పండి."

"సోమవారం నుంచీ వాళ్ళకి చెప్పిందంతా ఏం చేసుకోను?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కిందికి దిగలేదు.

ప్లేట్లక్కని బల్ల మీంచి తీసి గిన్నెలు కడిగే గదిలో వేశారు. విచారణ తేలే దాకా గాజు సామాను తోమడమే పని. సోమవారం ఆవిడ మొదట కడిగింది స్టీలు డబ్బాని. సబ్బుతో మూడుసార్లు కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టి తీసి, శుభ్రమైన బట్టలో చుట్టి అర మీద పెట్టింది.

పదకొండింటికి వంటాయన వచ్చాడు. చేతులకి ఏదో మందు రాసుకున్నాడు, ఇంకా మానలేదు.

"వచ్చే సీజనుకి పిలుస్తామని ఉత్తరం రాశారమ్మా," అన్నాడు, మాట కలపడానికన్నట్టు. "డబ్బా కోసం వచ్చాను."

ప్లేట్లక్క బట్ట విప్పి డబ్బా రెండు చేతులతో అందించింది.

"క్షమించమని అడగడానికి నాకు మొహం లేదన్నయ్యగారూ."

"పేపర్లో చదివాను. మీ అంతట మీరే చెప్పారటగా."

అక్కడితో ఆగొచ్చు. ఆయన ఆగే చోటు చూపించాడు కూడా.

"గురువారం మీ ఇంటికొచ్చినప్పుడే నాకు తెలుసండీ," అంది ప్లేట్లక్క. "అప్పటికే తేలిపోయింది, మీది కాదు నాదని. మీ చేతులు చూశాను. చెప్పకుండా వచ్చేశాను."

వంటాయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కుడిచేతి వైపు చూశాడు. గోరుచుట్టు మానింది, గోరు మాత్రం నల్లబడి ఉంది. డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. తళతళలాడుతోంది. వేలితో అంచు ఒకసారి తడిమాడు.

తరవాత తొట్టి దగ్గరికి నడిచి, కొళాయి తిప్పి, పక్కనున్న సబ్బు తీసుకుని, పగిలిన చేతులతో డబ్బాని కడగడం మొదలుపెట్టాడు. లోపలా, బయటా, అంచు మడతలోనూ, మూత వెనకా. తొందరేమీ లేదు. కసి కూడా లేదు. రోజూ చేసే పనిలా చేశాడు. సబ్బు మంటకి వేళ్ళు ముడుచుకున్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

ప్లేట్లక్క కొక్కేనికున్న తువ్వాలు తీసి అందించబోయింది. చెయ్యి సగంలో ఉండగా, అది ఏ చెయ్యో గుర్తొచ్చి, వెనక్కి తీసుకుంది.

ఆయన డబ్బాని రెండుసార్లు దులిపి, తడితోనే మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.